సెకండ్ వయొలిన్‌లో చేరితే వారానికి ఎంత పని? చేతికి రాని చోట ఏం చెయ్యాలి?

మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు పదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారు, ఆ తర్వాత 8 ఏళ్ళు పెట్టె తెరవలేదు. ఇప్పుడు ఒక కమ్యూనిటీ సింఫనీ ఆర్కెస్ట్రా సెకండ్ వయొలిన్‌లో, అంటే ఫస్ట్ వయొలిన్‌లకు తోడుగా వేరే వరస వాయించే గుంపులో, చోటుంది రమ్మంటోంది. మొదటి కచేరీలో బీథోవెన్ 5వ సింఫనీ ఉంది. వారానికి ఎన్ని గంటలు పోతాయి, వేగంగా వచ్చే చోట్లు చేతికి రాకపోతే పరువు పోతుందా, ఈ రెండూ మీ అనుమానాలు.

ముందు సూటి జవాబు. ఇంట్లో 4 గంటలు, రిహార్సల్ రెండున్నర గంటలు, వెరసి వారానికి 6 నుంచి 7 గంటలు. ప్రయాణం వేరే. కచేరీ ఉన్న వారంలో ఇది రెట్టింపవుతుంది. ఇక పరువు సంగతి: అన్ని స్వరాలూ వాయించక్కర్లేదు, దారి మాత్రం తప్పకూడదు. సెక్షన్‌లో, అంటే ఒకే వరస కలిసి వాయించే గుంపులో, 10 మంది ఉన్నప్పుడు ఒకరు నాలుగు స్వరాలు వదిలేస్తే ఎవరికీ తెలియదు. అదే ఒకరు రెస్ట్‌లో, అంటే వాయించకుండా ఆగాల్సిన చోట, ఒక్క స్వరం వాయిస్తే హాలు చివరి వరసకీ వినపడుతుంది. కొత్తగా చేరినవాళ్ళు భయపడేది మొదటి దానికి, నిజంగా దెబ్బతినేది రెండో దాని వల్ల.

వివరాలకు వెళ్ళే ముందు వాద్యం సంగతి, ఎందుకంటే 8 ఏళ్ళు మూసి ఉన్న పెట్టె అంటే రిహార్సల్ కంటే ముందు మరమ్మతు పని ఉంటుంది. తీగలు నాలుగూ మార్చాల్సిందే. కానీ నాలుగూ ఒకేసారి విప్పకండి. లోపల నిలబడి ఉండే సౌండ్ పోస్ట్‌కు జిగురు ఉండదు. పై పలక, కింద పలక మధ్య ఒత్తిడి వల్లే అది నిలుస్తుంది. తీగల బిగువు మొత్తం ఒక్కసారి పోతే తీగలను మోసే బ్రిడ్జి పడిపోతుంది, ఆ పుల్ల కూడా పడొచ్చు. పడితే మళ్ళీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. ఒక తీగ విప్పి, కొత్తది ఎక్కించి, శ్రుతికి తెచ్చాకే రెండో దాని జోలికి వెళ్ళాలి. బిగిస్తున్నకొద్దీ తీగలు బ్రిడ్జి తలను ముందుకు, అంటే మెడ వైపుకు లాగుతాయి. అందుకే ఒక్కో తీగ అయ్యాక పక్కనుంచి చూసి, బ్రిడ్జి వెనక ముఖం నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి. కమాను వెంట్రుకలు పురుగు కొట్టి ఉండే అవకాశం ఎక్కువ. గాలి తగలని చీకటి పెట్టెలో వాటిని తినే పురుగులు చేరతాయి. వెంట్రుకలు తెగి వేలాడుతుంటే వెంట్రుకలు మార్పించి, పెట్టెను వాక్యూమ్‌తో దులిపి రెండు రోజులు వెలుతుర్లో తెరిచి ఉంచండి. చివరిగా వేలి కణుపుతో వాద్యం అంచుల చుట్టూ మెల్లగా తట్టండి. ఒకచోట గలగలమని వదులుగా మోగితే అక్కడ అతుకు ఊడింది. అది అతికించే చిన్న పనే కానీ వాద్యాలు బాగుచేసేవాళ్ళ చేతుల్లోనే జరగాలి.

తర్వాత ఒళ్ళు. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఇంట్లో రోజుకు 20 నిమిషాలు వాయిస్తూ ఉండి, ఒకరోజు నేరుగా వెళ్ళి రెండున్నర గంటల రిహార్సల్‌లో కూర్చోవడం. ఎడమ భుజం, మెడ, కుడి బొటనవేలి మొదలు, ఈ మూడు చోట్లా ఆ రాత్రే తెలుస్తుంది. మొదటి రిహార్సల్‌కు 6 వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు రోజుకు రెండుసార్లు 15 నిమిషాల చొప్పున. తర్వాత 25 నిమిషాలు వాయించి 5 నిమిషాలు వాద్యం కింద పెట్టే పద్ధతిలో, రెండు విడతలు, ఆపైన మూడు. వేళ్ళ చివర మంట మామూలే, చర్మం గట్టిపడితే పోతుంది. కీలులో పోటు, చెయ్యి తిమ్మిరి మామూలు కాదు. అవి వస్తే ఆ రోజుకు ఆపెయ్యాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇక ఇంట్లో ఆ 4 గంటలు ఎలా వాడాలి? పార్టు, అంటే మీ సెక్షన్ వాయించాల్సింది రాసిన కాగితాలు, చేతికి రాగానే మొదటి పుట మొదటి బార్ (తాళం ఒక ఆవృత్తి) నుంచి వాయించుకుంటూ పోవద్దు. అలా చేస్తే మొదటి మూవ్‌మెంట్ (సింఫనీలో ఒక భాగం) మొదటి పుట అద్భుతంగా వస్తుంది, చివరి మూవ్‌మెంట్ చివరి పుట కచేరీ రోజున మొదటిసారి చూసినట్టుంటుంది. ముందు వాద్యం పట్టుకోకుండా, పార్టు ముందు పెట్టుకుని రికార్డింగ్ రెండుసార్లు వినండి. చేతిలో పెన్సిల్ ఉండాలి. మీ రెస్ట్‌లు ఎక్కడ ముగుస్తాయో అక్కడ అంతకు ముందు ఏం వినపడుతుందో రాయండి: "ఓబో పాట", "హార్న్ పిలుపు", "టింపనీ రెండు దెబ్బలు". కష్టమైన చోట్లకు బ్రాకెట్ పెట్టండి. సింఫనీ మొత్తం మీద అలాంటివి 12 కంటే ఎక్కువ తేలవు. వారానికి మూడు చోట్ల చొప్పున, అసలు వేగంలో 60 శాతంతో మొదలుపెట్టి, మెట్రోనోమ్‌ను (నిమిషానికి ఇన్ని దెబ్బలని తాళం కొట్టే పరికరం) రోజుకు నాలుగైదు అంకెలు పెంచుతూ పోండి. తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తేనే పెంచాలి.

వేగం ఎంత ఉంటుందో ముందే తెలిస్తే ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలుస్తుంది. బీథోవెన్ 5వ సింఫనీ మొదటి మూవ్‌మెంట్‌కు ఆయన ఇచ్చిన మెట్రోనోమ్ అంకె హాఫ్ నోట్‌కు 108. తాళం 2/4, బార్ మొత్తం ఒక హాఫ్ నోట్ నిడివే, కాబట్టి ఒక్కో బార్‌కు ఒకే బీటు, నిమిషానికి 108 బార్లు. కండక్టర్ బార్‌కు ఒకసారే చెయ్యి వేస్తారు. మూడో మూవ్‌మెంట్ మధ్య భాగంలో చెల్లోలు, బాస్‌లు పరుగు మొదలుపెడతాయి, వాటి వెంట వయోలాలు, ఆ తర్వాత మీ సెకండ్ వయొలిన్‌లు, చివర ఫస్ట్ వయొలిన్‌లు. అక్కడ ఇచ్చిన అంకె బార్‌కు 96. బార్‌కు ఆరు ఎయిత్ నోట్‌లు, అంటే సెకనుకు 9.6 స్వరాలు. చాలామంది కండక్టర్లు దీన్ని తగ్గించే తీసుకుంటారు, అయినా 8 ఏళ్ళ తర్వాత వయొలిన్ పట్టినవాళ్ళకు ఇది మొదటి సీజన్‌లో పూర్తిగా రాకపోవచ్చు.

అప్పుడు ఏం చెయ్యాలి? వదలడానికీ ఒక పద్ధతి ఉంది. బార్ మొదటి స్వరం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు, కచ్చితంగా సమయానికి పడాలి. వీలైతే ఆరింటిలో 1, 3, 5 స్వరాలు. ఇంకా వీలు కాకపోతే మొదటిదీ, తర్వాతి బార్‌లోకి తీసుకెళ్ళే చివరి రెండూ. కమాను మాత్రం పక్కవాళ్ళ దిశలోనే, వాళ్ళు వాడుతున్న చోటే, తీగ మీద దాదాపు బరువు లేకుండా కదులుతూ ఉండాలి. చూసేవాళ్ళకు మీరు సెక్షన్‌తోనే ఉన్నారు, వినేవాళ్ళకు లయ చెడలేదు. దీన్ని మోసం అనుకునేవాళ్ళున్నారు. నా లెక్కలో తప్పు స్వరాలు గట్టిగా వాయించడమే పక్కవాళ్ళకు చేసే అన్యాయం. ఇంట్లో సాధన చేసేటప్పుడే ఏవి వదులుతారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వదిలే పద్ధతిని కూడా సాధన చెయ్యాలి. అక్కడికక్కడ తోచినట్టు వదిలితే దారి తప్పేది అప్పుడే.

చేతివేళ్ళకు ఏమాత్రం కష్టం కాని చోటే అసలు ప్రమాదం. ఈ సింఫనీ మొదటి పుటే చూడండి. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలు రెండుసార్లు వస్తాయి, తీగ వాద్యాలు, క్లారినెట్లు కలిసి. మొదటి బార్ స్వరంతో మొదలవ్వదు, ఒక ఎయిత్ రెస్ట్‌తో మొదలవుతుంది. కండక్టర్ చెయ్యి కిందకు పడ్డాక వచ్చే ఖాళీ అది. చెయ్యి పడగానే వాయించేస్తే మీరొక్కరే మొదలుపెట్టినట్టు. రెండోసారి ఆగే స్వరం మొదటిదానికంటే ఒక బార్ ఎక్కువ పొడవు, దాని తర్వాత 6వ బార్‌లో, నిశ్శబ్దంలోంచి, మెత్తగా అందరికంటే ముందు వచ్చేది సెకండ్ వయొలిన్‌లే. తర్వాత వయోలాలు, ఆ తర్వాతే ఫస్ట్ వయొలిన్‌లు. అక్కడ మీ చుట్టూ కప్పుకోవడానికి ఏమీ లేదు. స్వరాలు మూడేళ్ళు నేర్చుకున్న విద్యార్థికి కూడా వస్తాయి. కళ్ళు కాగితం మీద ఉంటే మాత్రం ఎవరికీ రాదు. ఆ ఒక్క వరస కంఠస్థం చేసి, చూపు కండక్టర్ మీదా, ప్రిన్సిపల్ (మీ సెక్షన్‌ను ముందు కూర్చుని నడిపేవారు) కమాను మీదా పెట్టండి. ప్రిన్సిపల్ ఊపిరి తీసుకోవడం మీకు కనపడుతుంది. ఆ ఊపిరితోనే మీ కమాను తీగ మీద ఆనాలి, ముందే ఆని సిద్ధంగా ఉంటే ఇంకా మంచిది.

రెస్ట్‌లు లెక్కపెట్టడం గురించి కొత్తవాళ్ళకు ఎవరూ విడిగా చెప్పరు. నాలుగు బీట్ల తాళంలో 16 బార్ల రెస్ట్ ఉంటే "1-2-3-4, 2-2-3-4, 3-2-3-4" అని మొదటి అంకె మారుస్తూ లెక్కపెట్టాలి. తొడ మీద వేళ్ళు ఒక్కొక్కటి నొక్కుతూ ఉంటే మధ్యలో ధ్యాస పోయినా వేలు గుర్తు చేస్తుంది. పక్కవాళ్ళు వాద్యం ఎత్తేదాకా చూసి ఎత్తుదాంలే అనుకోవద్దు. వాళ్ళూ మిమ్మల్ని చూసే ఎత్తుదామనుకుంటూ ఉండొచ్చు. ఇత్తడి వాద్యాలవాళ్ళతో పోలిస్తే మన పని నయం. ఇదే సింఫనీలో ట్రాంబోన్‌లు మొదటి మూడు మూవ్‌మెంట్లూ ఊరికే కూర్చుని, నాలుగోదాని మొదటి బార్‌లో ఒక్కసారిగా పూర్తి బలంతో రావాలి. ద్వోర్జాక్ 9వ సింఫనీలో ట్యూబాకు రెండో మూవ్‌మెంట్‌లో తప్ప పనే లేదు. చల్లబడిన గొట్టంతో, ఆరిన పెదవులతో శ్రుతిలో రావడం ఎంత కష్టమో వాళ్ళను అడగండి.

స్టాండు పొత్తు. వయొలిన్‌లు ఇద్దరికి ఒక స్టాండు. ప్రేక్షకుల వైపు కూర్చునేది బయటివాళ్ళు, లోపలి వైపు ఉన్నవాళ్ళు పుట తిప్పుతారు. కొత్తగా చేరితే మీరు లోపలివాళ్ళే అవుతారు. పుట చివర ఒకటి రెండు బార్లు ముందే వాయించడం ఆపి, కుడి చేతిలో కమాను ఉంటుంది గనక ఎడమ చేత్తో తిప్పాలి. అందుకే పై మూల కొంచెం మడిచి ఉంచుకుంటారు. నెమ్మదిగా తిప్పే చోటయితే ఆ ఆపిన బార్లు బయటివాళ్ళు వాయిస్తారు కాబట్టి లోటు రాదు. పార్టు రెండుగా చీలి డివిజి అని ఉంటే, వేరే చెప్పకపోతే పై వరస బయటివాళ్ళది, కింద వరస లోపలివాళ్ళది. స్టాండు ఎత్తు ఎంతుండాలంటే, కాగితం పై అంచు మీదుగా కండక్టర్ కర్ర కనపడాలి, తల ఎత్తకుండా కనుచూపు ఎత్తితే చాలు అన్నట్టు.

కమాను దిశలు కాన్సర్ట్‌మాస్టర్, అంటే ఫస్ట్ వయొలిన్‌లను నడిపేవారు, నిర్ణయిస్తారు. అవి మీ ప్రిన్సిపల్ దగ్గరకు, అక్కడినుంచి స్టాండు తర్వాత స్టాండుగా వెనక్కి వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు వెంటనే రాసుకోవాలి. డౌన్ బోకు కింద తెరిచిన పెట్టె లాంటి గుర్తు, అప్ బోకు మొన కిందకు ఉన్న బాణపు తల లాంటి గుర్తు. రాసేటప్పుడు గట్టి పెన్సిల్ వాడితే చీకట్లో కనపడదు, కాగితం గీరుకుంటుంది, తుడిస్తే పోదు. 2బి మెత్తనిది మంచిది. పెన్ను ఎప్పుడూ వద్దు. ఈ దిశ నాకు నచ్చలేదు అనిపిస్తే విరామంలో ప్రిన్సిపల్‌తో చెప్పండి, కండక్టర్‌కు చెయ్యెత్తి కాదు. సెక్షన్‌లో వెనక స్టాండులోంచి కండక్టర్‌ను ప్రశ్నలడగడం మొరటుగా కనిపిస్తుంది, పైగా 60 మంది సమయం పోతుంది.

ఎంత గట్టిగా వాయించాలి అంటే ఒకటే కొలత: మీకు మీ ప్రిన్సిపల్ వినపడాలి. వినపడకపోతే మీరే ఎక్కువ. పార్టులో మెత్తగా అని ఉన్నప్పుడు ఒక్కరే వాయించే మెత్తదనం కాదు, పది మంది కలిస్తే వచ్చే మెత్తదనం. కాబట్టి మీ వాటా అందులో ఇంకా తక్కువ. కమాను పొడవు తగ్గించి, బ్రిడ్జికి దూరంగా, వేళ్ళ పలక వైపు జరగండి. వేగంగా వాయించేటప్పుడు కూడా ఇదే. కొత్తవాళ్ళు కమాను మరీ ఎక్కువ వాడతారు, అందుకే వెనకబడతారు.

వెనకబడటానికి ఇంకో కారణం కూడా ఉంది, అది సాధనతో పోయేది కాదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదిక మీద 10 మీటర్ల దూరంలో ఉన్న టింపనీ మీ చెవికి దాదాపు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక సిక్స్‌టీన్త్ నోట్ 125 మిల్లీసెకన్లు, అంటే అందులో దాదాపు నాలుగో వంతు పోయింది. మీరు విన్నదాన్నిబట్టి వాయిస్తే, మీరు వాయించింది వాళ్ళకు చేరడానికి ఇంకో 29. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగుతూ పోతే వేగం ఈడుస్తుంది. అందుకే దూరం వాళ్ళతో కర్రను చూసి, దగ్గరి వాళ్ళతో చెవిని నమ్మి కలవాలి. వెనక స్టాండుల్లో కూర్చున్నవాళ్ళకు ఇది మరీ అవసరం.

శ్రుతి విషయం త్వరగా చెప్పేస్తాను. ఓబో "A" అనే స్వరం ఇస్తుంది, 440 హెర్ట్జ్ కానీ ఆ ఆర్కెస్ట్రా వాడే అంకె కానీ. ఇత్తడి, చెక్క ఊదు వాద్యాలు, తర్వాత తీగలు, వరస ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీరు ఇంటినుంచి శ్రుతి చేసుకుని రండి, అక్కడ మిగిలేది సర్దుబాటు మాత్రమే. హాలు వేడెక్కేకొద్దీ ఊదే వాద్యాల శ్రుతి పెరుగుతుంది, తీగల శ్రుతి దిగుతుంది. విరామం తర్వాత మళ్ళీ శ్రుతి చేసేది అందుకే. కొత్త తీగలు కచేరీకి కనీసం వారం ముందు ఎక్కించాలి. సాగుతూ ఉండే తీగతో మొదటి మూవ్‌మెంట్ మధ్యలో చేసేదేమీ ఉండదు. పెట్టెలో ఒక E తీగ, ఒక A తీగ అదనంగా, శబ్దం తగ్గించే మ్యూట్ ఒకటి బ్రిడ్జి వెనక తీగలకు తగిలించి, కమానుకు రాసే రోజిన్, పెన్సిల్ రెండు, రబ్బరు ఒకటి. ఇవి మర్చిపోతే అడిగేది పక్కవాళ్ళనే.

మీరు అడగలేదు కానీ చెవుల మాట చెప్పాలి. 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం అన్నది వాడుకలో ఉన్న ఒక భద్రతా లెక్క. అంటే 94 దగ్గర ఒక్క గంటే. ట్రంపెట్‌ల ముందు కూర్చున్నవాళ్ళకు గట్టి భాగాల్లో అంతకంటే ఎక్కువే తగులుతుంది, మీ ఎడమ చెవికి మీ వయొలినే తగులుతుంది. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్‌లు అన్ని శ్రుతులనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. 9 లేదా 15 డెసిబెల్స్ తగ్గించేవి రిహార్సల్‌కు చాలు. నురగ ప్లగ్‌లు పై శ్రుతులను ఎక్కువ మింగేస్తాయి, వాటితో శ్రుతి తెలియదు. మొదటి వారం మీ శబ్దం మీకు తలలోంచి వస్తున్నట్టు ఉంటుంది, ఆ తర్వాత అలవాటవుతుంది.

రిహార్సల్ ఒక కార్యక్రమానికి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 8 నుంచి 12 వారాలు. చేరే ముందు రెండు విషయాలు అడగండి: ఎన్ని రిహార్సల్స్ మానవచ్చు, చివరి రెండింటిలో ఒకటి మానితే కచేరీకి వాయించనిస్తారా. మొదటిదాని మీద కొందరు ఉదారంగా ఉంటారు కానీ రెండోదానిమీద మాత్రం పట్టుదలగా ఉంటారు. కారణం ఏమిటంటే, హార్ప్, ఓబో, బసూన్, వయోలా లాంటి చోట్ల మనుషులు తక్కువైతే బయటినుంచి పిలిచినవాళ్ళు వచ్చేది ఆ చివరి రెండింటికే. మొదటిసారి పూర్తి ఆర్కెస్ట్రా వినపడేది అప్పుడే. అక్కడ మీరు పదివారాలుగా "ఓబో పాట" అని రాసుకున్న చోట ఓబో నిజంగా వినపడుతుంది, మీరు లెక్కపెట్టింది సరిగ్గా కుదురుతుందో లేదో తేలుతుంది.

కచేరీ రోజు మధ్యాహ్నం పూర్తి వేగంతో సాధన చెయ్యకండి, ఆ కష్టమైన 12 చోట్లు సగం వేగంలో ఒక్కసారి చూసి పెట్టెలో పెట్టండి. నల్లబట్టలంటే సాక్సులు కూడా నల్లవే, మెరిసేవి ఏవీ వద్దు. వేదిక మీదకు వెళ్ళాక కాలితో తాళం వెయ్యకండి, బోలు చెక్క వేదిక అయితే మైకు కంటే గట్టిగా వినిపిస్తుంది. కాలి బొటనవేలు బూటు లోపల కదిపితే చాలు. ఎక్కడైనా దారి తప్పితే వెంటనే వాయించడం ఆపి, కమాను తీగకు తాకకుండా కదుపుతూ, పక్కవాళ్ళ కన్ను కాగితం మీద ఎక్కడుందో చూడండి. తర్వాతి అక్షరం గుర్తు, రిహార్సల్ లెటర్ అంటారు, దగ్గర కలిసిపోండి. మంచి పొత్తు వాయించేవాళ్ళు కమాను కొసతో చోటు చూపిస్తారు.

పార్టులు అద్దెకు తెచ్చినవైతే కచేరీ అయిన రాత్రే లైబ్రేరియన్‌కు ఇవ్వాలి. అద్దె పార్టుల్లో రాతలన్నీ తుడిచి ఇమ్మంటారు, కాబట్టి ఆ రబ్బరు పని అప్పుడు పడుతుంది. ఆర్కెస్ట్రా సొంత పార్టులైతే కమాను గుర్తులు ఉంచెయ్యమని అడగవచ్చు, మళ్ళీ వాయించేటప్పుడు ఆ పని తప్పుతుంది. ఏది ఏ రకమో మొదటి రోజే అడిగి, పార్టు పై మూలలో మీ పేరు పెన్సిల్‌తోనే రాసుకోండి.